ఐసుపెట్టెలో పది సీసాలు

"పెట్టె ఏదయ్యా?" అని డాక్టరు నాగభూషణరావు గారు రెండోసారి కేకేశారు.

కాంపౌండరు కాంతారావు వెనక కొట్టులోంచి మోకాలి లోతు నీళ్లలో వస్తున్నాడు. నెత్తిన రొయ్యలవాళ్ల ఐసుపెట్టె.

"ఇంతసేపా?"

"అడుగు పడట్లేదండి."

తొంభైలో మే నెల తుఫాను. దివిసీమలో ఆ చిన్న ఆసుపత్రికి కరెంటు పోయి మూడు రోజులు. రోడ్డు లేదు, ఫోను లేదు. కాంతారావు ఉప్పెన చూసిన మనిషి. కరెంటు పోతే ఏ మందు ఎక్కడ పెట్టాలి, మంచాలు ఏ గదిలోకి జరపాలి, ఐసు ఎవరినడగాలి అని ఎప్పుడో కాగితం మీద రాసి గోడకి అంటించాడు. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. ఈ మూడు రోజులూ ఆసుపత్రిని నడిపింది ఆ కాగితమే. తుఫాను కబురు రాగానే పాలకాయతిప్ప నుంచి ఐసు తెప్పించి ఊకలో కప్పించాడు గనక పాముకాటు మందు పాడవలేదు.

బల్ల మీద రాజకుమారి. కూలిన ఇంటి తాటాకు లాగుతుంటే పాము కరిచింది. మొగుడు చిన్నబాబు దోనెలో వేసుకొచ్చాడు. మాట పడిపోయింది, ఊపిరి అందట్లేదు. నీళ్లొస్తే మెరక వెతుక్కునేది మనుషులే కాదు.

ఐదు సీసాలు ఎక్కించారు. గంట గడిచినా తేరుకోలేదు.

"ఇంకెన్నున్నాయి?"

"ఐదేనండి."

బందరు నుంచి మందు పడవ సాయంత్రానికి గాని రాదు. ఈలోగా ఇంకెవరన్నా వస్తే ఎట్లాగని డాక్టరు గారి బెంగ. చిన్నబాబు గోడకానుకుని ఆయన మొహమే చూస్తున్నాడు.

కాంతారావు కాసేపు సీసాల వంక చూశాడు. తర్వాత ఒక్కొక్కటే తీసి నర్సు ఝాన్సీలక్ష్మి చేతికిచ్చాడు.

"రాబోయేవాళ్ల కోసం దాచి, వచ్చిన మనిషిని పోగొట్టుకుంటామాండీ."

ఐదూ ఎక్కాయి. మధ్యాహ్నానికి రాజకుమారి కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. చిన్నబాబు ఏడుస్తూ కాళ్ల మీద పడబోతే కాంతారావు వెనక్కి జరిగి, ముందు ఆవిడ సంగతి చూడమన్నాడు.

ఝాన్సీలక్ష్మి టీ ఇచ్చింది. గుటక పడలేదు, పక్కన పెట్టేశాడు. రెప్పలు వాలిపోతున్నాయి. మూడు రోజులుగా కునుకు లేదు.

"కాగితంలో అన్నీ రాశారు గాని మీ నిద్ర రాసుకోలేదు బాబాయ్."

"రాశానమ్మా. రోగుల తర్వాతే మనం అని." మాట ముద్దగా వచ్చింది.

పోయి పడుకోవయ్యా అని డాక్టరు గారు కసిరారు. బెంచీ మీద కూర్చున్నవాడు అట్లాగే ఒరిగిపోయాడు. పడవ వచ్చేదాకా లేపొద్దన్నారు. ఝాన్సీలక్ష్మి అతని కాళ్లు బెంచీ మీదకి ఎత్తి, నీళ్లోడుతున్న పంట్లాం పైకి మడిచింది.

పిక్క మీద బిగించిన గుడ్డకట్టు, దానికి దిగువన రెండు పాముగాట్లు.