వేన్! వేన్!

ఏసోబు వేన్ వెనక్కి తీస్తుంటే పక్కింటి ముసలి తెల్లదొర వచ్చి దానిమీద దబదబా బాదాడు.

"వేన్! వేన్!" అని ఒకటే అరుపు.

ఏసోబుకు ఒళ్ళు మండింది.

"వేనే కదండీ, తీసేత్తన్నాను కదా! మీ గేటు ముందు కాపురం పెడతానా ఏంటి?" అని తెలుగులోనే కసిరాడు.

ఏసోబుది అమలాపురం పక్కన ఒక పల్లె. దోహాలో, అల్ హిలాల్‌లోని ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్. ఈ దొర పక్క విల్లాలో ఉన్న కూతురి దగ్గరికి మొన్ననే వచ్చాడు. నిన్న చెయ్యెత్తి నమస్కారం పెడితే ఉలకలేదు, పలకలేదు. పెద్ద పొగరుబోతని ఏసోబు అప్పుడే తేల్చేశాడు.

"వేన్!" దొర గొంతు చీరుకుపోయింది.

"యల్లా, యల్లా! పోతన్నాను బాబూ!"

దొర అద్దంలోంచి తప్పుకున్నాడు. హమ్మయ్య, వదిలాడు అనుకున్నాడు ఏసోబు. మళ్ళీ వచ్చి గొడవ పడేలోపు తీసేద్దామని యాక్సిలేటర్ గట్టిగా తొక్కాడు.

ధబ్‌మంది.

ఏసోబు దూకి వెనక్కి పరుగెత్తాడు. చక్రం పక్కన దొర పడి ఉన్నాడు. తల కింద నెత్తురు.

లోపల్నుంచి ఆయా శివకుమారి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో దేవుడా! ఏంది అన్నా ఇది!"

పూలమొక్కల్లో ఇంటివాళ్ళ పాప నూరా గుక్కపట్టి ఏడుస్తోంది. మోకాలు గీసుకుపోయింది. నెత్తురు చూసి దడుచుకుని పరుగెత్తి పడిందేమో అనుకుని శివకుమారి ఎత్తుకుంది.

ఆసుపత్రిలో పోలీసు అరబ్బీలో ఏసోబును ప్రశ్నలు అడుగుతున్నాడు. ఇంటి యజమాని ఆఫీసులో పనిచేసే నిజామాబాద్ మనిషి నిసార్ అహ్మద్ మధ్యలో నిలబడి తెలుగులోకి తర్జుమా చేస్తున్నాడు.

"ముసలాయన ఏమని మొత్తుకున్నడు? నిజం చెప్పు. ఆయనకేమన్న అయితే నువ్వు జైల్ల పడ్తవ్."

"వేన్ అన్నాడండీ. వేన్ తియ్యమన్నాడు, తీశాను. ఇందులో నా తప్పేముందండీ?"

బెంచీ మీద తల వంచుకుని ఉన్న దొర కూతురు 'వేన్' అన్న మాట వినగానే తలెత్తింది. ఇంగ్లీషులో ఏదో అంది. నిసార్ ముఖం మారిపోయింది.

"ఏంటండీ? ఏమంటంది?"

"వాళ్ళది స్కాట్లాండ్ అంట. కంగారైతే వాళ్ళ నాయినకు ఊరి భాషనే వస్తదంట. 'వీ' అంటే చిన్న. 'ఏన్' అంటే ఒకటి. వెనకటి నుంచి రెండూ కలిపి అనంగ అనంగ 'వేన్' అయిందంట."

"అయితే?"

"బండి కాదు ఏసోబూ. చిన్నది అని. పసిబిడ్డ అని."

ఏసోబు నిసార్ చెయ్యి పట్టుకున్నాడు.

"చిన్నది... చిన్నది, చిన్నది అని అరిచాడా అండీ?"

నూరా మోకాలికి కట్టు కట్టించి ఎత్తుకొచ్చిన శివకుమారి అక్కడే ఆగిపోయింది.

"పాపా, నువ్వు వేన్ ఎనకాల ఉంటివా?"

మూడేళ్ళ అరబ్బు పిల్ల, ఆయా పెంపకంలో నేర్చుకున్న కడప తెలుగులో ముద్దుముద్దుగా చెప్పింది.

"తాత తోసినాడు. నేను పూలల్లో పడితి."

శివకుమారి కెవ్వుమని పాపను గుండెకు అదుముకుంది. రోజూ ఏసోబు భుజమెక్కి ఊరేగే పిల్ల! ఏసోబు నేలమీద కూలబడి, నెత్తి బాదుకుంటూ ఏడ్చాడు. పోలీసు రాసుకుంటున్న పుస్తకం మూసేశాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికొచ్చి దొర కూతురి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆమె ఏడవలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

ఏసోబు పాకుతున్నట్టే వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర ఆగాడు.

"అమ్మా, నేను రెండద్దాల్లోనూ చూశానమ్మా. పాప నాకు కనపడలేదు. పక్కనున్న ఆయనకెలా కనపడిందమ్మా?"

నిసార్ ఆ మాట ఇంగ్లీషులో అడిగాడు. ఆమె చెప్పింది విని, అతను ఏసోబు పక్కన కూలబడ్డాడు.

"పాప నవ్వు ఇనపడి ఉంటదంట, ఏసోబూ... ఆయనకు రెండు కండ్లూ కనపడవంట."