పొడి తాత కుర్చీ

టైల్స్ కొట్టు అమ్మేసి, అప్పటికే రెండు చేతులు మారిన ఈతకొలను కొన్ననాడు వ్యాపారి చేతికొచ్చినవి ఇవి: నిండా నీలం నీళ్ళు, వాటికి కాపలాగా ఒకే ఒక్క గార్డు, రెండు వందల మంది సభ్యులు.

రెండు వందల ఒకటో కార్డు ఇవ్వడానికి లైసెన్సు ఒప్పుకోదు.

బయట ఎదురుచూసేవాళ్ళ జాబితా మాత్రం చాంతాడంత ఉంది. అందులో మొదటి పేరు ఎదురుగా ఉన్న మందులషాపాయనది. ఆయనకు ఏడేళ్ళ కూతురు. పిట్ట అంటారు. రోజూ బడి నుంచి వస్తూ గేటు కమ్మీలకు ముక్కు ఆనించి నీళ్ళకేసి చూసేది.

"అంకుల్, మా వంతు వచ్చిందా?"

వచ్చే దారే లేదు. కార్డు తీసుకుని మొహం చూపించనివాళ్ళు లోపల బోలెడుమంది. కొట్టులో కదలని సరుకు ఏరేసినట్టు వాళ్ళను ఏరెయ్యాలి.

ఆ పని మేనకోడలికి అప్పగించాడు.

ఒక సాయంత్రం ఆమె ఆఫీసుగదిలో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. సభ్యుల వివరాలు ఉన్న సాఫ్ట్‌వేర్‌కు ఏపీఐ అని ఒక కిటికీ ఉంటుందనీ, దాని తాళంచెవి తెచ్చి ఆటోమేషన్ టూల్లో అతికిస్తే చాలనీ, కోడ్ ముక్క కూడా రాయనక్కర్లేదనీ, తెరమీద డబ్బాలకు గీతలు కలపడమేననీ చెప్పింది. మూడు నెలలు రానివాళ్ళ కార్డు దానంతటదే ఆగిపోతుంది. జాబితాలో తర్వాతివాళ్ళకు కబురు దానంతటదే వెళుతుంది.

వ్యాపారికి ముచ్చటేసింది. సెలవు అడగని గుమాస్తా దొరికాడు.

"వచ్చారా లేదా అన్నది దేన్నిబట్టి చూడమంటావు మామయ్యా? గేటు దగ్గర కార్డు గీకడమా, ఈతకు టైము బుక్ చేసుకోవడమా?"

"బుకింగే. గేటు లెక్కేస్తే ఊరికే వచ్చి కూర్చునేవాళ్ళు కూడా మిగిలిపోతారు."

"అలాగైతే పొడి తాత పోతాడు."

వ్యాపారి కిటికీలోంచి చూశాడు.

పొడి తాత అక్కడే ఉన్నాడు. పిల్లలు పెట్టిన పేరది. బళ్ళు వదిలే వేళకు వస్తాడు. నీళ్ళలో దిగడు. లోతువైపు మూల, ఎండ నీళ్ళమీద పడి కళ్ళు బైర్లు కమ్మే చోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, పంట్లాం పైకి మడిచి, కుర్చీ అంచున కూర్చుంటాడు. పేపరు చదవడు. ఫోను చూడడు. ఆయన వీపు కుర్చీకి ఆనగా చూసినవాళ్ళు లేరు.

"కుర్చీ కూడా సగమే వాడతాడు," వ్యాపారి నవ్వాడు. "తడవనివాడికి కొలనెందుకే? పోనీ."

మేనకోడలు గేటు డబ్బాకు కలిపిన గీత చెరిపేసి, బుకింగు డబ్బాకు కలిపింది.

తెల్లారేసరికి ఇరవై ఆరు కార్డులు ఆగిపోయాయి. మందులషాపాయన ఫోను మోగింది. పిట్ట కమ్మీలు దాటి లోపలికి వచ్చింది.

ఆ సాయంత్రం పొడి తాత కార్డు గీకితే గేటు ఎర్రలైటు చూపించింది.

"బళ్ళు వదిలే వేళ ఒక్క గంట రానివ్వు బాబూ," అన్నాడాయన. ఆయన గొంతు ఎలా ఉంటుందో వ్యాపారి వినడం అదే మొదటిసారి.

"నా చేతుల్లో ఏముంది పెద్దాయనా? అంతా మెషీనే చూసుకుంటుంది."

"మరి ఆ మూలకి ఎవరిని పెడుతున్నావు?"

కూర్చున్న చోటుమీద మమకారం కాబోలు అనుకున్నాడు వ్యాపారి. "మీ కుర్చీకేం భయం లేదు. స్టోర్లో భద్రంగా పెట్టిస్తాను."

ముసలాయన రెండు రోజులు గేటు బయట నిలబడ్డాడు. అక్కడినుంచి లోతు మూల కనబడదు. మూడో రోజు రాలేదు.

శనివారం పిట్ట చేతిలోని తేలే పలక జారి మూలకు కొట్టుకుపోయింది. పిల్ల దాని వెనకాలే వెళ్ళింది. కేక వినబడలేదు. గార్డు కుర్చీలోంచి చూస్తే ఆ మూల అంతా ఎండ మెరుపే. పలక ఒక్కటే తేలుతోందని ఎవరో గమనించేసరికి ఆలస్యమైపోయింది.

పోలీసులు కొలనుకు తాళం వేసి వెళ్ళాక గార్డు మెట్లమీద కూలబడ్డాడు.

"ఆ మూలకేసి నేనెప్పుడూ చూసేవాణ్ణి కాదు సార్. ఆయనున్నాడు కదా అని."

"ఊరికే కూర్చునే మనిషి ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి?"

"పొడి తాత రెండుసార్లు తడిశాడు సార్. రెండుసార్లూ బట్టలతోనే దూకి పిల్లల్ని పైకి తెచ్చాడు. మీకు చెబితే నా ఉద్యోగం ఊడుతుందని చెప్పలేదు."

కొత్త కార్డు జేబులో వేసుకుని వ్యాపారి పొడి తాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. మేడమీద ఒంటిగది. మంచం, స్టవ్వు, తీగమీద ఆరేసిన పంట్లాం. ముసలాయన కార్డుకేసి చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

"పిల్లకి ఎన్నేళ్ళు?"

"ఏడు."

"నా లెక్కలో పోయినవాడికి తొమ్మిది."

"మీ అబ్బాయా?"

"కాదు. సభ్యుడు."

వ్యాపారికి అర్థం కాలేదు.

"అప్పట్లో గార్డులు ఇద్దరుండేవాళ్ళు. ఆ మూలవాడు ఊరికే కూర్చుంటున్నాడనిపించి మానిపించాను."

ఆయన వ్యాపారి వేళ్ళు మడిచి, కార్డు అతని గుప్పిట్లోనే ఉంచేశాడు.

"తాళం తీశాక నువ్వే వెళ్ళి కూర్చో. వెనక్కి మాత్రం వాలకు. లేవడం ఆలస్యమవుతుంది."

మెట్లు దిగుతూ లెక్క చూసుకుంటే, ఇరవై ఆరు కార్డులు ఖాళీ చేసినందుకు వ్యాపారికి మిగిలింది ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆ కొలను కట్టించి, నడిపి, అమ్మేసుకున్న మొదటి యజమాని ఇన్నేళ్ళూ సభ్యుడి కార్డు కొనుక్కుని మరీ కాపలా కూర్చున్న కుర్చీ.