మోహనకృష్ణ గీసిన బొమ్మలు

“ఆయన గీసినవి తుడిసెయ్యకండి సారూ!” మౌసు మీద చెయ్యి అడ్డం పెట్టేసింది భారతి.

నారాయణమూర్తి గారు వెనక్కి తగ్గారు. విజయనగరంలో రైతుల మోటార్లకి స్టార్టర్ పెట్టెలు తయారుచేసే చిన్న షెడ్డు ఆయనది. ఏ పెట్టెకి డ్రాయింగు వెయ్యాలన్నా ముందు కంప్యూటర్లో సింబల్ లైబ్రరీ తెరవాలి. రిలేకి ఒక బొమ్మ, ఫ్యూజుకి ఒక బొమ్మ. అవన్నీ మోహనకృష్ణ గీసిపెట్టినవే. మొన్న వేసవిలో బొబ్బిలి దగ్గర పొలంలో పెట్టె బిగిస్తూ షాకు కొట్టి పోయాడతను. ఇప్పుడతని కుర్చీలో పెళ్ళాం భారతి కూర్చుంటోంది.

“కొత్త లైబ్రరీ కొన్నానమ్మా. పాతది ఉంటే రెండూ కలగాపులగం అయిపోతాయి.”

“వేరేగా దాసుకుంటాను సారూ. ఎవుల్నీ ముట్టనివ్వను.”

“బొమ్మలకేటే అంత ఇది?” అంది పక్క బల్ల దగ్గర వైర్లు బిగిస్తున్న రాణి. “ఇంట్లో ఫొటో ఉన్నాది గదా.”

“ఫొటో ఎవుడో తీసినాడు. ఇవి ఆయన సేత్తో గీసినవి. మా సంటి గుంట రేపు పెద్దదయ్యి, మా నాన్న ఏటి సేసీవోడని అడిగితే ఏటి సూపించను?” భారతి ఆయన వైపు తిరిగింది. “మీకెందుకు సారూ ఇంత పంతం?”

“అడక్కుండా ఉంటే బాగుణ్ణు తల్లీ.” ఆయన నెమ్మదిగా, తీగలు బిగించే టెర్మినల్ సింబల్ తెరిచారు. “ఇదిగో, మూడు ఫేజులకి మూడు పిన్నులున్నాయి. షాకుని నేలలోకి పంపే ఎర్త్ పిన్ను లేదు. సింబల్లో లేకపోతే డ్రాయింగులోకి రాదు, డ్రాయింగులో లేని తీగ పెట్టెలోకి రాదు. దీంతో చేసిన మొదటి పెట్టే ఆ రోజు వాడు ముట్టుకున్నది. వాడి తప్పే వాణ్ణి తీసుకుపోయిందని నీకు తెలియకూడదనే...”

రాణి చేతిలో పని ఆగిపోయింది.

భారతి తెర దగ్గరగా వంగి ఆ మూడు గీతల్నీ చూసింది. చూస్తూ చూస్తూ మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

“ఆయన తప్పు కాదు సారూ. పది తప్పినదాన్ని, నాకూ పని రావాలని ఒకనాడు లేప్‌టాప్ ఒళ్లో ఎట్టి నేర్పినాడు. బాగుందని మురిసిపోయి లైబ్రరీలో ఎట్టీసినాడు. ఇన్నింట్లోనూ... ఈ ఒక్కటీ నేను గీసింది.”