గురువుగారి పట్టు

"మన జలీల్‌కు గూగ్లీ నేర్పింది నేనే," అన్నాడు క్రికెట్ సంఘం కార్యదర్శి నర్సింగరావు, జగిత్యాల సన్మాన సభలో మైకు వదలకుండా.

నాలుగు వందల వికెట్లు తీసి మొన్ననే రిటైరైన జలీల్ పక్క కుర్చీలోనే ఉన్నాడు. కోరుట్ల దర్జీ కొడుకుగా తాను సెలెక్షన్‌కు వచ్చిన రోజు ఈయనే రెండు బంతులు చూసి గేటు చూపించాడు. "చెయ్యి గట్ల తిప్పుడు బౌలింగ్ కాదు. పోయి మీ బాపు కుట్టుమిషన్ తిప్పుకో."

జలీల్ లేచి, జేబులోని బంతి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "నేర్పిన్రు కదా సార్. ఒక్కసారి పట్టి చూపెట్టున్రి."

నర్సింగరావు పట్టిన తీరు చూడాలి, పెళ్లి పంక్తిలో లడ్డూ పట్టినట్టు. ముందు వరుస నవ్వింది. జలీల్ నవ్వకుండా తల వంచి, ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీసి బంతి మీద సర్దాడు. "గిట్ల సార్. ఇరవై ఏండ్లు గిట్లనే పట్టిన."

తెల్లారి పేపర్లో జలీల్ ఆయన వేళ్లు సర్దుతున్న ఫోటోనే వచ్చింది. కింద ఇలా రాశారు: "తలవంచిన శిష్యుడికి గూగ్లీ పట్టు చూపిస్తున్న గురువు."

మధ్యాహ్నానికి సంఘం అటెండరు దానికి ఫ్రేము కట్టించి జలీల్ ఇంటికి తెచ్చాడు.

"సార్ ఆఫీసుల పెడ్తడట. కింద మీ సంతకం కావాల్నన్నడు."