ఎనిమిదింటి చీకటి

“కరెంటు లేదు టీచర్.”

ఐదో తరగతి సమీరా తల దించుకుని చెప్పింది. ఆమె వెనక వరుసగా నిలబడ్డ ఏడుగురిదీ అదే మాట.

ప్రేమలత టీచరుకు ఒళ్లు మండిపోయింది.

“చుట్టూ ఫ్యాక్టరీలు రాత్రంతా పెండ్లిపందిరి లెక్క వెలుగుతున్నయి. మీ ఇండ్లకే లేదా కరెంటు? హోంవర్కు చెయ్యబుద్ధి కాలేదని చెప్పుండ్రి. ఈ అబద్ధాలెందుకు?”

సమీరా ఖాళీ నోటుబుక్కు టేబుల్ మీద పెట్టి పక్కకు జరిగింది.

దసరా ముందు వరకూ లెక్కల్లో ఈ పిల్లకు ఎదురులేదు. గురుకులం పరీక్ష రాస్తే సీటు ఖాయమని ప్రేమలత స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకుంది. ఇప్పుడు చూస్తే యాభైకి పదకొండు. సమీరా ఒక్కతే అయితే సరిపెట్టుకునేది. కంపెనీల వెనక కిరాయి రూముల్లో ఉండే పిల్లలందరి మార్కులూ అట్లాగే తగలడ్డాయి.

హెడ్మాస్టరు రామలింగేశ్వరరావుకు ఇందులో వింతేమీ కనపడలేదు.

“సగం బడి బయటోళ్ల పిల్లలే మేడం. ఒడిశా, బీహార్, బీదర్. ఇంట్లో ఒక భాష, ఇక్కడొక భాష. మండలంలో మన బడి అట్టడుగుకు పోయిందంటే వీళ్ల వల్లే. గురుకులం పరీక్షకు వీళ్లనెవరినీ పంపకండి. ఉన్న పరువు కూడా పోతుంది.”

“దసరాకు ముందు గూడ వీళ్లు బయటోళ్లే గద సార్? మరి అప్పుడెట్ల చదివిన్రు?”

“అదంతా నాకు తెలియదు. సోమవారం పేర్లు పంపాలి. సమీరా పేరు కొట్టెయ్యండి.”

సంగారెడ్డి బస్సెక్కి ఇల్లు చేరినా ప్రేమలత కోపం దిగలేదు. ఆమె కోపం ఇంట్లో వాళ్లకు కొత్త కాదు. భర్త చంద్రకాంత్ ఏ బిల్లు పట్టుకుని గొణిగినా, “గొణుగుడెందుకు, బంద్ పెట్టించుండ్రి” అని కసిరేది. పాలవాడి బిల్లయినా, కరెంటు బిల్లయినా, కేబుల్ బిల్లయినా ఒకటే తీర్పు. తర్వాత ఆ సంగతే మరిచిపోయేది. ఇంటి వ్యవహారాలన్నీ ఆయనవే. ఆయన ఏ కాగితం ముందు పెట్టినా చదవకుండా సంతకం చేసేది. పిల్లల జవాబు పత్రమైతే మాత్రం అక్షరం కూడా వదిలేది కాదు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అన్నాడు చంద్రకాంత్. “వాళ్ల తల్లిదండ్రులకు లేని ఫికరు నీకెందుకే?”

ఆ మాటతో ఆమెకు పట్టుదల ఇంకా పెరిగింది. ఆ పిల్ల ఇల్లేదో, ఆ కరెంటు కథేదో కళ్లతో చూస్తే గానీ పేరు కొట్టనని తేల్చేసింది.

మర్నాడు బడి అయ్యాక ఇంటికి వెళ్లలేదు. పేపర్లు దిద్దుకుంటూ పొద్దుగూకే దాకా కూర్చుని, కంపెనీల వెనక ఇస్నాపూర్ సందుల్లో అడ్రసు అడుక్కుంటూ వెళ్లేసరికి ఎనిమిది కావొచ్చింది. రేకుల కప్పుతో పొడుగ్గా ఒకటే లైను. కిటికీ లేని రూములు. అగ్గిపెట్టెంత గదిలో సమీరా తల్లి ఆలంబీ వంట చేస్తోంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయి అప్పుడే వచ్చిందట, వేళ్లకింకా తెల్లపొడి ఉంది.

ఆమె నెత్తిమీద బల్బు ధగధగా వెలుగుతోంది.

“ఇదేందే?” ప్రేమలత బల్బుకేసి వేలు చూపించింది. “ఇది కరెంటు కాదా? నీ గురించి నేను సారుతోని కొట్లాడుతున్న. నువ్వు నా ముఖం మీదనే అబద్ధం ఆడతవా?”

చెయ్యెత్తింది. సమీరా గోడకు కరుచుకుపోయింది.

ఆ చెయ్యి కిందికి రాకముందే లైనంతా చీకటైపోయింది.

ఎవరూ ఉలిక్కిపడలేదు. పక్క రూములో ఎవరో గిన్నె తడుముకున్న చప్పుడైంది.

“ఎనిమిదైంది మేడం,” అంది ఆలంబీ. “రోజూ గిట్లనే. మెయిన్ బంద్ చేసి డబ్బాకు తాళం ఏస్తడు. మళ్ల తెల్లారినంకనే.”

“మరి పొద్దుగాల చదువుకోవచ్చు గద?”

“పగలు ఇదే రూముల వేరే నైట్ డ్యూటీ ఆడోళ్లు పండుకుంటరు మేడం. తలుపు తియ్యనియ్యరు, బయట కూసునే జాగ లేదు. వాళ్లు డ్యూటీకి పోయినంక మేం వస్తం. వంట అయితది, ఇగ చీకటైతది.”

ప్రేమలత ఎత్తిన చెయ్యి దించుకుంది. సిగ్గేసింది. ఆ సిగ్గు మీద ఇంకా పెద్ద కోపం వచ్చింది.

“ఎవడు బంద్ చేసేది?”

“కిరాయి వసూలు చేసే తాత. ఆయనదేం లేదు మేడం, పాపం. దసరా అయినంక ఓనరమ్మ చెప్పిందంట, బిల్లు ఎక్కువొస్తుంది, బంద్ పెట్టించుమని. మేం ఆమెను ఎన్నడూ చూడలే. సదువుకున్నామెనంట.”

“చదువుకున్నదా? ఆమె చదువు తగలెయ్య! పసిపిల్లల నోట్లె మన్నుగొట్టి బిల్లు తగ్గించుకుంటదా? ఆమె ఇంట్ల పిల్లలు లేరా? ఉంటే వాళ్లను చీకట్ల కూసోబెట్టి ఎక్కాలు చదివియ్యమను!”

“మెల్లగ మేడం. తాత చెవిల పడితే రూములు ఖాళీ చెయ్యమంటరు.”

“అనమను, నేనూ చూస్త! సోమవారం లోపల ఆమెను బజారుకీడ్వకపోతే నేను టీచర్నే కాదు. ఆ తాత నంబరుందా?”

నంబరు సమీరాకు నోటికి వచ్చు. చీకట్లోంచి ఒక్కో అంకె తడబడకుండా చెప్పింది. ప్రేమలత ఒక్కో అంకె నొక్కింది.

ఆఖరి అంకె పడగానే, ఎప్పుడో భర్త చెబితే తనే ఫోనులో ఎక్కించుకున్న పేరు ఆ చీకట్లో వెలిగింది: ‘మన రూముల పోచయ్య’.