మామూలు దారం

రేసుకు గంట ముందు మా బావ తనిఖీ బల్ల దగ్గర కొత్త పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

పాత కారు చవగ్గా దొరికింది కదా అని ఈ రంగంలోకి దూకిన మహానుభావుడాయన. ఆ తర్వాత హెల్మెట్టు కోసం స్కూటరూ, టైర్ల కోసం సోఫాసెట్టూ అమ్ముడుపోయాయి. నిప్పంటుకోని రేసు సూటును మాత్రం సెకండ్ హ్యాండులో సంపాదించాడు. అది పొట్ట దగ్గర పట్టకపోతే, టైలరైన మా అక్క విప్పి వదులు చేసి కుట్టింది.

తనిఖీ అధికారి ఆ కుట్టులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు. పోగు భగ్గుమంది.

"మామూలు దారం. ఈ సూటుతో ట్రాక్ ఎక్కనివ్వను" అన్నాడు.

బావ మొహం మాడిపోయింది. అక్క వైపు తిరిగాడు.

"ఇరవై ఏళ్లుగా కుడుతున్నావు, ఆ మాత్రం తెలీదా?"

"ఎందుకు తెలీదు? నిప్పుకు ఆగే దారం నా బ్యాగులోనే ఉంది."

"మరెందుకే నా కొంప ముంచావు?"

"కారు మీద రంగు చారలకే డబ్బులైపోయాయి, అరిగిన బ్రేకులతోనే ఈసారికి కానిచ్చేద్దాం అని మెకానిక్‌తో గుసగుసలాడావుగా! నేను వద్దంటే వింటావా? అందుకే మామూలు దారంతో కుట్టి, వద్దని ఈ అధికారి చేత చెప్పించా. కొత్త బ్రేకులు వేయించుకుని రా, పది నిమిషాల్లో కుట్టి పెడతా."