సున్నం గీతల ఇల్లు

"గోడ మీంచి రాకండి సార్, గుమ్మం ఇటుంది," అంది భార్య.

ఇంజనీరు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాడు. అక్కడ గోడేమీ లేదు. చెరువు ఒడ్డున గడ్డి మీద సున్నంతో గీసిన గీత ఉంది. అయినా పాపం, చుట్టూ తిరిగి గుమ్మంలోంచే వచ్చాడు. వచ్చి, టేపు లాగి, కుదరదన్నాడు. నీటి అంచు నుంచి యాభై అడుగులు వదలాలి. వీళ్ళ పడకగది ముప్ఫై అడుగుల దగ్గరే మొదలైపోతోంది.

భర్త మొహం వాడిపోయింది. కొత్తగా పెళ్ళైన ఇద్దరూ రోజూ సాయంత్రం వచ్చి ఈ గీతల మధ్యే కాపురం చేస్తున్నారు. వంటింట్లో ఫ్లాస్కులో టీ తాగుతారు, హాల్లో పోట్లాడుకుంటారు, పడకగది కిటికీ రావాల్సిన చోట నిలబడి సూర్యాస్తమయం చూస్తారు. మినహాయింపు రాకపోతే ఇల్లు గీతల దగ్గరే ఆగిపోతుంది.

అసలు మినహాయింపు ఎందుకివ్వాలో చెప్పమంది ఇంజనీరుతో వచ్చిన చెరువు కమిటీ అధ్యక్షురాలు.

"ఇటు రోడ్డు, అటు నీళ్ళు మేడమ్. యాభై అడుగులు వదిలితే మాకు మిగిలేది స్నానాలగది ఒక్కటే. అందులో ఎన్నాళ్ళని కాపురం చేస్తాం?" అంది భార్య.

అధ్యక్షురాలికి నవ్వాగలేదు. ఇంజనీరు మాత్రం మూలనున్న హద్దురాయి మీద గడ్డి తప్పించి స్థలం నంబరు చూశాడు. దరఖాస్తులో పన్నెండు, రాయి మీద పదకొండు. దరఖాస్తే తప్పని కొట్టేసి సరిదిద్దాడు. నంబరు కూడా సరిగ్గా రాయలేవా అని భార్య భర్త డొక్కలో పొడిచింది. సంతోషంలో ఉంటే తన చెయ్యి తన మాట వినదని అతను ఒప్పేసుకున్నాడు. అనుమతి మనిషికి కాదు, స్థలానికని ఇంజనీరు చెప్పాడు. రేపు ఇది ఎవరి చేతికి పోయినా చెల్లుతుందట. మేమెందుకు అమ్ముకుంటామండీ అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

ఇక మిగిలింది ఇరుగుపొరుగుల మాట. ఇరుగంటే చెరువు. పొరుగంటే రోడ్డవతల ఉండే పళ్ళ డాక్టరు. జీవితమంతా ఇతరుల నోళ్ళు తెరిపించిన మనిషి, తన నోరు మాత్రం తెరవడు. గీతలు గీసిన రోజు టేపు రెండో కొస పట్టుకున్నది ఆయనే. "ఇక్కడ బాగుందా బాబాయిగారూ, ఇంకాస్త అటు జరగాలా?" అని భార్య అడిగితే, "మీకెక్కడ నచ్చితే అక్కడే గియ్యండమ్మా," అన్నాడు. ఇప్పుడూ చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, మీకూ ఈ ఒడ్డునే స్థలం ఉందటగా. ఇదే మినహాయింపు మీరడిగితే పాత కమిటీ రెండుసార్లు కాదందట," అంది అధ్యక్షురాలు. "ఇప్పుడు వీళ్ళకిస్తే మీకు బాధ ఉండదా?"

భార్య భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. గాలికి వంటింటి గోడ కాస్త చెదిరింది.

"నాకే అభ్యంతరమూ లేదు," అన్నాడు డాక్టరు. "పిల్లలు ఎంత ముచ్చటగా గీసుకున్నారో చూశారుగా. ఇక్కడ ఇల్లు రావాల్సిందే."

అధ్యక్షురాలి మనసు వెన్నలా కరిగింది. కాగితం ఇంజనీరు వీపు మీద పెట్టి అప్పటికప్పుడే సంతకం చేసేసింది.

కమిటీ కారు కదలగానే భార్య ఫ్లాస్కులో మిగిలిన టీ అంతా డాక్టరుకి పోసి, ఈ మేలు జన్మలో మరిచిపోమంది.

"మేలు చేసింది మీరమ్మా. నేనడిగితే రానిది మీరడిగితే వచ్చింది." డాక్టరు గుమ్మంలోంచి లోపలికి వచ్చి, పడకగది కిటికీ దగ్గర నిలబడి తీరిగ్గా టీ తాగాడు. "పదకొండు నాది. మీ పన్నెండు ఆ పక్కది. తుంగ పెరిగి ఉంది చూడండి, అదీ."

ఇద్దరూ తుంగకేసి చూశారు. స్థలం కొన్న రోజున చెరువునీ, ఒకళ్ళనొకళ్ళనీ చూసుకున్నారే గాని రాళ్ళని ఎవరు చూశారు? భార్యే ముందు తేరుకుంది. పోనీలే, ఎలా అడగాలో తెలిసిందిగా, రేపే దానికీ దరఖాస్తు పెడతామంది.

"మీరు మళ్ళీ ఇలాగే వచ్చి ఒక్క మాట చెప్పాలి బాబాయిగారూ."

డాక్టరు ఖాళీ కప్పు ఆమె చేతికిచ్చి తుంగ వైపు చూశాడు. సూర్యుడు సరిగ్గా అటే దిగుతున్నాడు.

"అదెలా కుదురుతుందమ్మా? అక్కడ ఇల్లు లేస్తే నా పడకగదిలోంచి సూర్యాస్తమయం కనబడదు."